బతికినవాడి డైరీ

రాక్ సంగీతకారుల ఆత్మకథల్లో ఒక చిక్కుంది. పుస్తకం తెరవకముందే ముగింపు తెలిసిపోతుంది. ఎన్ని హోటల్ గదుల్లో స్పృహ తప్పి పడినా మనిషి బతికాడు, కూర్చుని ఇదంతా రాశాడు. ఆ భరోసాతో చదువుతాం కాబట్టి అతని నరకం మనకు సాహసగాథలా హాయిగా ఉంటుంది.

నిక్కీ సిక్స్ ‘ది హెరాయిన్ డైరీస్’ చదువుతున్నంతసేపూ ఈ హాయి నన్ను ఇబ్బంది పెట్టింది. మాట్లీ క్రూ బ్యాండ్‌లో బేస్ వాయించేవాడతను, పాటలూ రాసేవాడు. 1986 క్రిస్మస్ నుంచి మరుసటి క్రిస్మస్ దాకా రాసుకున్న డైరీని 2007లో అచ్చేశాడు. బయటేమో వేలమంది జనం, కేకలు. ఇంట్లో మాత్రం బట్టల అల్మరాలో దూరి, ఎవరో వచ్చేస్తున్నారని వణుకుతూ సూది గుచ్చుకునే మనిషి. 1987 డిసెంబర్ 23న లాస్ ఏంజెలెస్‌లో ఓవర్‌డోస్ అయింది. పోయాడనుకున్నవాణ్ణి అంబులెన్స్ వాళ్లు బతికించారు. బయటపడి ఇంటికెళ్లి మళ్లీ ఎక్కించుకున్నానని తనే చెబుతాడు.

చావును చూసొచ్చినవాడు మారిపోతాడని మనకో నమ్మకం. ఇక్కడ ఆ నమ్మకం ఒక్క రాత్రి కూడా నిలవలేదు. రెండేళ్లకు ఆ రాత్రే ‘కిక్‌స్టార్ట్ మై హార్ట్’ అనే పాటయి స్టేడియాలను ఊపేసింది. మరి తప్పు ఒప్పుకోవడం ఎక్కడ ఆగుతుంది, గొప్పలు చెప్పుకోవడం ఎక్కడ మొదలవుతుంది?

ఈ పుస్తకాన్ని నేను గౌరవించడానికి కారణం వేరే ఉంది. డైరీ మధ్యమధ్యలో తల్లి, చెల్లెలు, బ్యాండ్ సహచరులు, అప్పటి స్నేహితురాలు వానిటీ మాట్లాడుతుంటారు. అమ్మ తనను వదిలేసిందని కొడుకు కోపం. అమ్మ చెప్పే కథ వేరు. కొడుకు దాన్ని కొట్టేయకుండా తన మాట పక్కనే ఉంచాడు. (ఆ గొంతుల్ని ఏరింది కూడా అతనే కదా అంటే, అవును, అతనే.) మత్తుమనిషి వల్ల నలిగినవాళ్లకు అతని పుస్తకంలో సాధారణంగా మిగిలేది చివర్లో ఒక క్షమాపణ. ఇక్కడ ఎదురుచెప్పే చోటు దొరికింది. నాకది ఎక్కువ నిజాయితీ అనిపించింది.

అదే ఊళ్లో ఆర్నెల్ల తర్వాత, 1988 జూన్‌లో, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ గిటారిస్టు హిల్లెల్ స్లోవాక్ హెరాయిన్ ఓవర్‌డోస్‌తో పోయాడు. వయసు 26. అతనూ డైరీ రాసుకునేవాడు, బొమ్మలేసేవాడు. వాటిని 1999లో తమ్ముడు జేమ్స్ పుస్తకంగా తెచ్చాడు. సిక్స్‌కు మనోబలం ఉంది, స్లోవాక్‌కు లేదు అని ఏ మొహంతో అనగలం? ఒకరి పక్కన ఆ రాత్రి మనుషులున్నారు. రెండోవాడు తన అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉన్నాడు. కానీ ఆత్మకథ అనే ప్రక్రియకు అదృష్టం అంటే పడదు. దానికి ‘నేను మారాను’ అనే వాక్యం కావాలి.

అదే బ్యాండ్ గాయకుడు ఆంథోనీ కీడిస్, హిల్లెల్ ప్రాణస్నేహితుడు, తనూ హెరాయిన్‌లో మునిగినవాడే. అంత్యక్రియలకు వెళ్లలేదు, మెక్సికో వెళ్లిపోయాడు. ఆ సంగతి ‘స్కార్ టిష్యూ’లో రాసుకున్నాడు. ఆ పుస్తకం వచ్చేసరికి స్నేహితుడు పోయి 16 ఏళ్లు.