వర్ణక్రమదోషం: ఒక నైతిక విచారణ

భావనపాడు పేరులోని ‘భ’ వాడుకలో తరచు ‘బ’గా వినిపిస్తుంది. విద్యార్థి ‘బావనపాడు’ అని రాస్తే, అది విన్నదానిని అనుసరించిన రాత కావచ్చు. డిస్‌లెక్సియా గల విద్యార్థి సమస్య వేరు: ధ్వనిని లిపితో ముడివేయడమే కష్టం, గుణింతాలు, వత్తులు ఆ కష్టాన్ని పెంచగలవు. ఇద్దరికీ ఒకే ఎర్రగీత సమన్యాయమా? తప్పించుకొనే శక్తి ఉన్నచోటనే దోషారోపణ చెల్లుతుంది. శ్రీకాకుళ ప్రాంతంలో జన్మించిన గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారికం కోసం చేసిన వాదం మొదటి విద్యార్థికి అండ. రెండవ విద్యార్థికి అది చాలదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. అయితే మినహాయింపు బోధనకు బదులు కారాదు. ధ్వనులను విడదీసి పలికించి, రాయించి, ఓర్పుతో నేర్పడం ఉపాధ్యాయ ధర్మం. విషయజ్ఞానాన్ని పరీక్షించేచోట వర్ణక్రమానికి మార్కులు కోయకపోవడం న్యాయం.