గట్టుమీది సేవ, నీటిలోని సేవ

పరోపకారము మంచిదని నిరూపించుటకు నేడు వ్యాస మక్కఱలేదు. పరోపకారమునకై కూడినవారే యొకరిపై నొకరు కోపించి విడిపోవుట యేల సంభవించుచున్నదో విచారించుట మాత్రము అవసరమని మాకు తోచుచున్నది. ఏలయన, ఇట్టి కలహమువలన నష్టపడువాడు కలహించినవారిలో నెవ్వడును గాడు, సాయమునకై యెదురుచూచుచున్నవాడే.

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలను ముంచెత్తినది. వేలకొలది కుటుంబములు దినములతరబడి మేడలమీద చిక్కువడెను. పడవలమీదను ట్రాక్టర్లమీదను అన్నపు పొట్లములు, పాలు, మంచినీరు పంపబడెను. ఆ దినములలో మేమెఱిగిన యొక చిన్న సేవాసంఘమున రెండు తెగలవారు పనిచేసిరి. కొందఱు నీటిలో దిగి పొట్లములు మోసిరి. కొందఱు హైదరాబాదునందును అమెరికాయందును ఉండి, ఫోనులో వచ్చిన మొఱలను వ్రాసికొని, వీధివారీగా పట్టికలు కట్టి పంపిరి. ఇచ్చట రాత్రియైనప్పు డచ్చట పగలగుటచేత ఆ పని యొక్కగడియయు నిలువలేదు.

మొదటి దినము అందఱును అన్నదమ్ములవలె నుండిరి. మూడవ దినమునకు మాటలు పెరిగెను. "నడుములోతు నీటిలో మేముండగా, లెక్క యేది, ఫొటో యేది యని యడుగుట కిదియా సమయము? గట్టుమీద కూర్చున్నవారి కేమి తెలియును?" అని నీటిలోనివా రనిరి. "రాత్రులు మేలుకొని పట్టికలు పంపుచున్నాము. ఏ యింటికి చేరినదో చెప్పుట కొక్క మాటకైనను నోచుకొనలేదా?" అని దూరముననున్నవా రనిరి.

ఈలోపల నొక సందు మొగను పొట్లములు మూడుసారులు చేరెను. ఆ సందు చివర మేడమీదనున్న వృద్ధదంపతులకు ఒక్కసారియు చేరలేదు. వారు నాలుగుసారులు ఫోను చేసిరి. వారి పేరు నాలుగుసారులు పట్టిక కెక్కినది. ఆ సందులో మూతలేని కాలువ యొకటి నీటిక్రింద దాగియున్నదనియు, త్రాడు లేక పోరాదనియు పడవవా రెఱుగుదురు. కాని కోపముచేత ఆ సంగతి పట్టిక వ్రాయువారికి చెప్పలేదు. చెప్పియున్నచో వారు త్రాడుకొఱకు మఱియొక సంఘము నడిగియుందురు. వారును "పేరు పంపితిమి" అని యూరకుండిరే కాని, ఏల చేరలేదని మెత్తగా నడుగలేదు. మఱునాటి సాయంకాలమునకు గాని ఆ వృద్ధులకు మంచినీ రందలేదు.

ఇందు సోమరులెవ్వరును లేరు. కలహమునకు మూలము శ్రమయే. మనుష్యుడు తన శ్రమను తన యొంటితో నెఱుగును. పరుని శ్రమను మాటవలన మాత్రమే యెఱుగును. కావున తనది బరువుగను, పరునిది తేలికగను తోచును. అంతటితో నాగక, "నేనెక్కువ కష్టపడితిని గనుక నా మాటయే చెల్లవలె" నను నిశ్చయమునకు వచ్చును. ఇదియే ప్రమాదము. కష్టపడినవానిని గౌరవింపవలసినదే; కాని కష్టపడినంతమాత్రమున కనబడనిది కనబడదు.

దూరముననున్నవా డేమి చూడగల డందురా? ఫ్లారెన్స్ నైటింగేల్ మన దేశమున నెన్నడును అడుగిడలేదు. ఐనను 1859లో నియమింపబడిన రాయల్ కమీషను పనికై ఈ దేశపు దండు స్థావరములకు ప్రశ్నావళులు పంపించి, వచ్చిన ప్రత్యుత్తరములను ఇంగ్లండున పరిశీలించినది. ఇచ్చటి బ్రిటిషు సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది మరణించుచున్నారనియు, వారిని చంపుచున్నది యుద్ధముకంటె నెక్కువగా మురికినీరును మురుగుననియు 1863లో లోకమునకు తెలిసినది. ఒక్కొక్క స్థావరపు వైద్యునికి తన స్థావరమే కన్నులయెదుట నుండును; అన్నిటిని ప్రక్కప్రక్కను పెట్టి చూచుట దూరముననున్నవారికి సులభము. అయినను ఆ ప్రత్యుత్తరములు వ్రాసినది స్థావరములలోనివారే కదా! తరువాత 1876-78 నాటి క్షామమును చూచి కాలువల యావశ్యకతను గుఱించి యామె వాదించినప్పుడు, ధవళేశ్వరమున 1852 నాటికి ఆనకట్ట ముగించిన ఆర్థర్ కాటన్ యనుభవము ఆమె కాధారమైనది. గదిలోని యామెకు గోదావరి యిసుకలో నిలిచినవాని కన్నులు కావలసివచ్చెను.

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను లోటు లేదని మన సామెత. వడ్డించువాడు మనవాడు కానిచో కడబంతివాని గతి యేమి? నీటిలోని సేవకుడు పక్షపాతి కాకున్నను, సందు మొగను చేతులు చాచినవారికే యిచ్చి, పొట్లములైపోగా వెనుదిరుగును. అది దయయే, కాని యా దయ కన్ను పోయినంతదూరమే పోవును. దానిని కడబంతివఱకు కొనిపోవుటకు పట్టిక కావలెను. పట్టికలోని పేరు మనుష్యుడగుటకు, ఆ సందులో నడచినవాని మాట కావలెను.

కావున మాకు తోచిన ధర్మమిది. ఈ సందులో దిగవచ్చునా, కూడదా యను నిర్ణయము నీటిలోనివానిది. దూరముననుండి దానిని త్రోసివేయరాదు. ఇంకను ఎవరికి చేరలేదను ప్రశ్న దూరముననున్నవానిది. దానిని నిందగా నెంచి నీటిలోనివాడు మౌనము వహింపరాదు. ఈ యిరువురినడుమ గట్టున నొకడుండి, మోత మాని, వచ్చిపోవు మాటలు మోయవలెను. అతని పని చిన్నదని యెవ్వరును తలపరాదు. దాతకు లెక్క చెప్పుట ఋణము, తీర్పవలసినదే. కాని చేయి చాచినవాని ముఖమును ఫొటో తీసి పంపిననే లెక్కయనుట యన్యాయము. ఎన్ని పొట్లములు, ఏ వీధి, ఏ వేళ యని వ్రాసిన చాలును.

మఱియొక మాట. నీరు తీసిన పిమ్మట దూరముననున్నవారిలో రాగలవారు వచ్చి యొక యింటి బురద యెత్తవలెను. బురద యెత్తినవారు ఒక్క రాత్రి ఫోనుకడ కూర్చుండి, అన్నము లేదని యేడ్చువారికి ఓపికతో బదులు చెప్పవలెను. ఒకరి బరువును మఱియొకరు ఒక్కపూట మోసిననే గాని, అది తేలిక కాదని యెవ్వరికిని నమ్మకము కలుగదు.

మన చదువరులలో ననేకు లేదో యొక సంఘమున నుందురు. రాబోవు సమావేశమున, ఎవరు ఎక్కువ చేసిరను చర్చ తలయెత్తినప్పుడు, కడబంతిలో నింకను ఎవరు మిగిలియున్నారని యొక్కరైనను అడుగుదురు గాక. మేడమీద దప్పిగొన్న ఆ వృద్ధులకు, నీరు పంపినవా డెచ్చట కూర్చున్నవాడను సందేహమే పుట్టలేదు.