యుద్ధం ముగిశాక మా సంగతేమిటి?



మన నూజివీడు ప్రాంతంలో మామిడి కోతల రోజుల్లో ఏ తోటకు వెళ్ళినా ఒక దృశ్యం కనిపిస్తుంది. చిక్కాలతో కోసిన కాయలను చెట్టు నీడన గడ్డి పరిచి పోస్తారు. చుట్టూ కూర్చుని ఏరుతారు. నిగనిగలాడే కాయ ఒక కుప్ప, మచ్చకాయ ఇంకో కుప్ప, దెబ్బతిన్నది మరో కుప్ప. అయినా దేన్నీ ఊరికే పారేయం. రాలిన పచ్చికాయ ఒరుగులకు పనికొస్తుంది, నలిగిన పండు తాండ్రకు పనికొస్తుంది.

కాయలను ఏరడంలో తప్పేమీ లేదు. మరి మనుషులను? వీడు పోయినా ఫరవాలేదు, ఇంకొకడున్నాడు అనుకుంటే?

ఈ ప్రశ్న నాకు తోటలో తట్టలేదు. పొరుగింటి కుర్రవాడు సెలవులకు వచ్చి సెల్లులో బొమ్మల సీరియల్ చూస్తున్నాడు. "తాతగారూ, ఇది చిన్నపిల్లల కథ కాదండీ, ఒకసారి చూడండి" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 'స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్' అనే అమెరికా సీరియల్ అది. అందులో 2011లో వచ్చిన నాలుగు భాగాల కథ, ఉంబారా అనే చీకటి గ్రహం మీద జరిగే యుద్ధం, నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ కథలో సైనికులు తల్లి కడుపున పుట్టినవారు కారు. ఒకే మనిషి నుంచి అచ్చు గుద్దినట్లు లక్షల సంఖ్యలో తయారు చేయబడినవారు. త్వరగా యుద్ధానికి అందిరావాలని వారిని మామూలు మనిషికి రెట్టింపు వేగంతో పెరిగేలా చేశారు. ప్రతివానికీ ఒక నంబరు ఉంటుంది. కానీ వారు తమలో తాము పేర్లు పెట్టుకున్నారు. సీటీ-7567 అనే నంబరు గల కెప్టెన్ పేరు రెక్స్.

ఈ దళానికి క్రెల్ అనే కొత్త సేనాని వస్తాడు. విజయాలు ఎక్కువ సాధించినవాడు, సైనికులను ఎక్కువ పోగొట్టుకున్నవాడు. రెక్స్‌ను పేరుతో పిలవడు, నంబరుతో పిలుస్తాడు. వేరే దారి ఉందని చెప్పినా వినక శత్రువు తుపాకులకు ఎదురుగా నడిపిస్తాడు. ఆజ్ఞ మీరి శత్రువు సరఫరా నౌకను కూల్చి వచ్చిన ఇద్దరిని కాల్చి చంపమంటాడు. వారిని కాల్చవలసిన తోటి సైనికులు కావాలని గురి తప్పిస్తారు. చివరకు, శత్రువులు మన దుస్తులు వేసుకుని వస్తున్నారని నమ్మించి, సొంత సైన్యంలోని రెండు దళాలను ఒకదానిమీదికి ఒకటి ఉసిగొల్పుతాడు. పడిపోయినవాడి శిరస్త్రాణం తీసి చూసిన రెక్స్‌కు కనిపించింది తన ముఖమే.

తరువాత క్రెల్ ద్రోహి అని బయటపడుతుంది. శత్రువుల పక్షం చేరాలని కావాలనే ఇదంతా చేశాడు. ఆజ్ఞలను అందరికన్నా గట్టిగా నమ్మిన డాగ్మా అనే సైనికుడే అతణ్ణి కాల్చి చంపుతాడు.

ఇక్కడే నాకు కథ మీద ఒక ఫిర్యాదు ఉంది. క్రెల్‌ను ద్రోహిని చేయడంతో చూసేవారి మనసు తేలికపడుతుంది. చెడ్డవాడు చెడ్డ పని చేశాడు, చచ్చాడు, న్యాయం జరిగింది అనుకుంటాం. కానీ క్రెల్ ద్రోహి కాకపోయి ఉంటే? నిజంగా తన దేశం కోసమే, గెలవడం కోసమే ఆ సైనికులను అలా వాడి ఉంటే అది న్యాయమయ్యేదా? ఇంకొంచెం లోతుకు వెళదాం. క్రెల్‌కు ముందున్న సేనాని దయగలవాడు, రెక్స్‌ను పేరు పెట్టి పిలిచేవాడు. అయినా అతడు నడిపిందీ యుద్ధానికి ఒప్పుకుంటారా అని ఎవరూ ఎన్నడూ అడగని సైన్యాన్నే కదా! ఆ సైన్యం చాటున నగరాల్లో సుఖంగా నిద్రపోయే జనానికి ఆ ప్రశ్నే తట్టలేదు.

అందుకే నాకు సమూవేలు గ్రంథంలోని ఊరియా గుర్తొచ్చాడు. అతణ్ణి పోరు ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టి, ఒంటరిని చేసి వెనక్కి తప్పుకోమని సేనాపతి యోవాబుకు లేఖ రాసింది క్రెల్ వంటి దుర్మార్గుడు కాదు, ప్రజలు ప్రేమించిన దావీదు రాజు. ఆ లేఖను మోసుకువెళ్ళినవాడు ఊరియాయే. చావు కబురు అందినప్పుడు రాజు యుద్ధంలో ఇవి మామూలే అన్నట్లు మాట్లాడాడు. ఆ 'మామూలే' అన్న మాట దగ్గరే పాపం దాక్కుంటుంది.

ఇదంతా కథల్లో మాటే అంటారా? మన తెలుగు నేల చరిత్ర చూడండి. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలను ఓడ ఎక్కి మద్రాసు వెళ్ళమన్నారు. అక్కడ హైదరాలీతో పోరాడాలి. వారు ఎక్కమన్నారు, తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి. ఆంగ్లేయులు చనిపోయారు. ఆ హింసను నేను మెచ్చుకోను. కానీ తుపాకి పట్టిన చేతులు ఎంత కావాలో లెక్కవేసిన కంపెనీ, ఆ చేతులు గల మనిషి మనసును లెక్కవేయలేదని మాత్రం చెప్పక తప్పదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలాది భారతీయులు ఇరాక్ ఎడారుల్లో పోరాడారు. తెలుగువారికి కూడా చోటున్న మద్రాసు సాపర్ల దళాలు అక్కడ పనిచేశాయి. చనిపోయినవారి కోసం బాస్రాలో పెద్ద స్మారకం కట్టారు. అక్కడ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారత సిపాయిలకు మాత్రం పేర్లు లేవు. ఫలానా రెజిమెంటులో ఇంతమంది అని అంకె వేశారు. సీటీ-7567కు ఒక నంబరైనా తనదంటూ ఉంది, మనవాళ్ళకు అదీ దక్కలేదు. ఆనాటి ఈ వివక్షను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ స్మారకాలు కట్టినవారు క్రెల్‌లు కారు. చనిపోయినవారిని గౌరవించాలనే బయలుదేరినవారు. అంకె చాలులే అనుకున్నారు, అంతే.

సైనికుడంటే ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడినవాడే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అని గర్వంగా పిలుచుకుంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపిన ఊరది. నేటికీ పంపుతున్న ఊరు. అక్కడి తల్లుల ముందు సైనికుడి త్యాగం వట్టిదని ఎవరూ అనలేరు. కానీ ఇవ్వడం వేరు, తీసుకోవడం వేరు. ఒకడు తన ప్రాణం ఇస్తే అది త్యాగం. దానికి విలువ కట్టకుండా ఇంకొకడు వాడుకుంటే అది దోపిడీ. ఒకే చావు, ఇచ్చినవాడి వైపు నుంచి చూస్తే మహోన్నతం, తీసుకున్నవాడి వైపు నుంచి చూస్తే ఘోరం కావచ్చు. త్యాగాన్ని పొగిడే మన చప్పట్లే ఒక్కోసారి ఆ ఘోరాన్ని కప్పేస్తాయి.

ఆ కథ చివర, అంతా అయిపోయాక, రెక్స్ తన మిత్రుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. ఈ యుద్ధం ఏదో ఒకనాడు ముగుస్తుంది, మనం సైనికులం, అప్పుడు మన సంగతేమిటి అని. జవాబు రాదు. 2022 జూన్‌లో నాలుగేళ్ళ కొలువుతో అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో యువకులు ఆందోళనకు దిగారు, ఒక ప్రాణం పోయింది. ఆ పథకం మంచిచెడ్డలను ఈ కాలమ్‌లో తేల్చబోవడం లేదు, రైళ్ళు తగలబెట్టడాన్ని సమర్థించడమూ లేదు. కానీ ఆ పిల్లల నోట వినిపించిన మాట కూడా అదే: తర్వాత మా సంగతేమిటి? ఏ పథకమైనా, ఏ ప్రభుత్వమైనా ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసిందే. ఎందుకంటే పనికి పిలిచినవానికి పని తరువాత కూడా ఒక జీవితం ఉంటుంది.

పాఠకులారా, సైన్యాలను నడిపేవారు మనలో ఎవరూ లేకపోవచ్చు. అయినా ఈ వేసవిలో మన తోటల వైపు ఒకసారి చూడండి. మన రసాలూ బంగినపల్లులూ ఎన్ని టన్నులు దిగాయో మనకు తెలుసు. కొమ్మ చివరిదాకా పాకి వాటిని దించిన కూలి పేరు మనలో ఎందరికి తెలుసు? కొమ్మ విరిగి అతడు పడితే, మరునాడు ఆ చెట్టు కిందికి ఇంకొకడు వస్తాడు. కోత ఆగదు. పడినవాడు ఏ ఆస్పత్రిలో ఉన్నాడో, ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో మనం అడగం. మనం క్రెల్ వంటి దుర్మార్గులం కాము. కేవలం 'మామూలే' అనుకుంటాం.

రాలిన కాయను కూడా పారేయని ఊరు మనది. రేపు తోటకు వెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. చెట్టు మీద ఉన్నవాడిని పేరు అడుగుదాం. కోతలు అయ్యాక ఎక్కడికి పోతావు, ఎలా బతుకుతావు అని కూడా అడుగుదాం. అతను చెప్పే జవాబు మనకు ఇబ్బంది కలిగిస్తే, ఆ ఇబ్బందితోనే మన బాధ్యత మొదలవుతుంది.