తథ్యమైనను పలుకరాని మాట

తెలుగు లోగిళ్ళలో దీపము ఆరినదని చెప్పరు, కొండెక్కినదని చెప్పుదురు. బియ్యము అయిపోయినవని అనరు, నిండుకొన్నవని అందురు. మంగళసూత్రము తెగినచో పెరిగినదందురు. ఇల్లు విడిచి బయలుదేరువాడు పోవుచున్నానని కాక, పోయివచ్చెదనని సెలవు తీసికొనును. దీపమునకు చెవులు లేవు. బియ్యపు కుండకు మనస్సు లేదు. అయినను వానిని గూర్చి అమంగళము పలుకుటకు పెద్దలు వెనుదీసిరి.

ఇంతటి జాగరూకత గల నాలుకయే, చెవులును మనస్సును గల మనుష్యుని విషయమున అదుపు తప్పుట వింత. దర్శనమునకై వరుసలో నిలిచిన ఒక తల్లిని ఊహింపుడు. నడువలేని ఎనిమిదేండ్ల కుమారుని ఆమె ఎత్తుకొని యున్నది. వెనుకనున్నవారు జాలితోనే, "అయ్యో, అవిటిబిడ్డ! ఏ జన్మలో ఏ పాపము చేసికొన్నాడో!" అందురు. వారు దుష్టులు కారు. మరుక్షణమున ఆమెకు త్రోవ యిచ్చువారే. కాని ఆ బాలునికి కాళ్ళలో లేని శక్తి చెవులలో కలదు. గోవిందనామము వినవచ్చిన చెవులతో అతడు ఆ మాట విని ఇంటికి వెడలును.

లోకవ్యవహారమున ఇట్టి మాటలు కొల్లలు. నమ్మరాని సాకు కుంటిసాకు. ఆలోచన లేని విశ్వాసము గ్రుడ్డినమ్మకము. హితము చెవికెక్కనివానికి బోధించుట చెవిటివాని ముందు శంఖమూదుట. పేరునకు ముందు అంగలోపమును తగిలించి పిలుచుటయు పల్లెలలో పరిపాటి. కొంతకాలమునకు అసలు పేరు మరుగున పడి, లోపమే పేరుగా నిలుచును. ఈ మాటలను మార్చుకొనవలెనా, అక్కరలేదా యనునది నేటి ప్రశ్న.

అక్కరలేదనువారి మొదటి వాదము సత్యమును ఆశ్రయించినది. కన్నులు లేనివానిని గ్రుడ్డివాడన్నచో అది ఉన్నమాటయే కదా, దోషమెక్కడిదని వారందురు. దీనికి ధర్మశాస్త్రము ఏనాడో బదులు చెప్పినది. అంగహీనులను ఆక్షేపింపరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయము విధించినది. ఒంటికన్నువానిని, కుంటివానిని ఆ మాటతో నిందించినవాడు, అది తథ్యమే యైనను, తక్కువలో తక్కువ ఒక కార్షాపణము దండుగ చెల్లింపవలెనని ఎనిమిదవ అధ్యాయము నిర్ణయించినది. 'తథ్యమైనను' అను పదమే ఇచట కీలకము. ఇతరులకు ఉద్వేగము కలిగింపనిదై, సత్యమై, ప్రియమై, హితమైన వాక్కునే గీతాచార్యుడు వాఙ్మయ తపస్సుగా గణించెను. ఆ లక్షణములలో ఒక్క సత్యమును మాత్రము చేతబట్టుకొని తక్కినవానిని విడిచినవాడు తపస్సు చేసినవాడు కాడు.

రెండవ వాదము: పూర్వులు వాడినదే వాడుచున్నాము, సంప్రదాయమును మార్చుట ఏల? అంధులకు, బధిరులకు దాయభాగము లేదనియు, పోషణ మాత్రము కలదనియు అదే మనుస్మృతి చెప్పినది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 28వ విభాగముచే, రోగమును గాని అంగలోపమును గాని కారణముగా జూపి వారసత్వము నిరాకరింపరాదని నిర్ణయమైనది. దానివలన ధర్మమునకు లోపము రాలేదు; సోదరుల నడుమ న్యాయము పెరిగినది. ఆస్తిహక్కులే మారినపుడు ఒక నుడికారము మారుటకు అభ్యంతరమేమి? బహిరంగస్థలమున అవమానించు బుద్ధితో వికలాంగులను దూషించుటను 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 92వ విభాగము శిక్షార్హముగా జేసినది. అనగా నేటి శాసనము మనువు పట్టిన త్రోవనే మరికొంత దూరము నడచినది.

ఇంతటితో సమస్య తీరలేదు. మాట మార్చుట యన్నంతనే కొందరు పెద్దపెద్ద బిరుదులు వెదకుదురు. 2015 డిసెంబరులో దేశ ప్రధాని 'దివ్యాంగులు' అను పేరును సూచించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 'విభిన్న ప్రతిభావంతులు' అను పేరు ప్రభుత్వ వ్యవహారమున కలదు. పెట్టినవారి ఉద్దేశము మంచిదే. వానిని సంతోషముతో స్వీకరించినవారును కలరు. అయినను పలు వికలాంగుల సంఘములు 'దివ్యాంగ' శబ్దమునకు అభ్యంతరము తెలిపినవి. తమకు కావలసినది దివ్యత్వము కాదు, సమానమైన అవకాశమని వారి మాట.

ఈ సందర్భమున కౌటిల్యుని అర్థశాస్త్రమున వాక్పారుష్య ప్రకరణము స్మరింపదగినది. అంగలోపమును ఉన్నదున్నట్లు ఎత్తిచూపి నిందించినవానికి మూడు పణములు దండుగ. లేని లోపమును అంటగట్టినవానికి ఆరు పణములు. కన్ను లేనివానిని పట్టుకొని నీ కన్నులెంత అందమైనవని వెటకారముగా స్తుతించినవానికి పండ్రెండు పణములు! నేటి గౌరవనామములు వెటకారములని దీని భావము కాదు. ఆలయద్వారమున మెట్లు మాత్రమే యుంచి, చక్రముల బండి పోవుటకు ఏటవాలు దారి నిర్మింపక, ఎక్కలేనివానిని దివ్యుడని పొగడినచో, ఆ పొగడ్త కౌటిల్యుడు చెప్పిన మూడవ అపరాధమునకు ఎంత దూరముననున్నదో చేసినవారే విచారించుకొనవలెను.

మరి నింద వలదు, పొగడ్త వలదన్నచో ఎట్లు పిలువవలెను? శ్రీమద్భాగవత దశమస్కంధమున దీనికి సమాధానము కలదు. మధురానగరపు రాజవీథిలో కంసునకు మైపూతలు కొనిపోవు ఒక యువతి శ్రీకృష్ణునికి ఎదురైనది. స్వామి ఆమెను, ఏ స్త్రీకైనను చెల్లు గౌరవ సంబోధనముతో పిలిచి, నీవెవరవని అడిగెను. ఆమె తన పేరు త్రివక్ర యని చెప్పుకొన్నది. త్రివక్ర యనగా మూడు వంకరలు గలది. లోకులు ఆమె దేహమును జూచి పిలిచిన పిలుపు ఆమె నోటనే పేరుగా వెలువడినది! స్వామి ఆమె దేహమును సరిచేసినది తరువాత. గౌరవముతో పిలిచినది ముందు. దేహమును సరిచేయుట ఆయనకే సాధ్యము. ముందుగా గౌరవముతో పిలుచుట ఎల్లరకును సాధ్యము.

శ్రీరామానుజుల ప్రియశిష్యులైన కూరేశులు గురువునకు మారుగా చోళరాజు సభకు వెళ్ళి కన్నులు కోల్పోయిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. సంప్రదాయము వారిని కూరత్తాళ్వాన్ అని ఆరాధించినదే కాని, లేని కన్నులతో వారిని గుర్తింపలేదు. అట్టి మర్యాద మహాత్ములకే గాని సామాన్యులకేల యని అడుగరాదు. విశిష్టాద్వైత సిద్ధాంతమున ప్రతి జీవుడును భగవంతునికి శరీరమే. భగవచ్ఛేషత్వమే జీవుని స్వరూపము. కన్నులు, కాళ్ళు స్వరూపము కావు. కనుక అంగలోపముతో ఒకని పిలుచుట, అతడు కానిదానితో అతనిని పిలుచుటయే.

భగవత్కృప మూగను వక్తగా జేయుననియు, నడువలేనివానిని కొండ దాటించుననియు నిత్యము ప్రార్థించుచున్నారు కదా, వానినేమి చేయవలెనని కొందరి సందేహము. ఆ ప్రార్థనలో భక్తుడు తన అశక్తతనే చెప్పుకొనుచున్నాడు. ప్రక్కనున్నవానిని వ్రేలుపెట్టి చూపుట లేదు. శాస్త్రగ్రంథములలోని అంధపంగు న్యాయమును తుడిచివేయ బనిలేదు; కన్ను లేనివాడును కాలు లేనివాడును ఒకరికొకరు తోడై గమ్యము చేరుటయే దాని తాత్పర్యము. అవివేకమునకు అంధత్వమును పేరుగా పెట్టు మాటలనే విడువవలెను. అంధపరంపర యనుటకు బదులుగా గతానుగతికత్వ మనవచ్చును. గ్రుడ్డినమ్మకమునకు మూఢవిశ్వాసము, చెవిటివాని ముందు శంఖమునకు అరణ్యరోదనము ఉండనే యున్నవి. తెలుగునకు మాటల కరవు లేదు.

ఇక పూర్వజన్మ పాపమను మాట. కర్మసిద్ధాంతము సత్యమే. కాని కర్మగతి గహనమని చెప్పినవాడు భగవానుడే. ఆ గహనమైన లెక్కను వరుసలో నిలిచిన వాడు ఒక్క చూపులో చదివితినని తలచుట జ్ఞానము కాదు, అహంకారము. ఎదుటివాని కష్టము చూచినపుడు కర్మ విషయమున విచారింపదగిన ప్రశ్న ఒకటే: ఈ క్షణమున తాను చేయదగిన కర్మ యేది?

ఆ తల్లి వరుసలో ఇంకను నిలిచియే యున్నది. ఆమె చేతిసంచి అందుకొనవచ్చును. ఏదైన సాయము కావలెనా యని అడుగవచ్చును. అన్నిటికంటె ముందు, ఆ బాలుని కన్నులలోనికి చూచి, "నాయనా, నీ పేరేమి?" అనవచ్చును. అతడు ఏ పేరు చెప్పిన ఆ పేరే అతని పేరు. గోవిందనామము పలుకు నాలుకకు అది తగిన మాట.