తెలిపి చూచుట, చాటున చూచుట

పనిచేయువానిని పరిశీలించు హక్కు యజమానికి కలదా? కలదనియే చెప్పవలెను. సొమ్ము అతనిది, నష్టము అతనిది, బాధ్యతయు అతనిదే. కాని పరిశీలించుచున్న సంగతిని పనివానికి తెలుపకుండుట న్యాయమా? ధర్మవిచారము ఇచ్చట ప్రారంభమగును.

గూడూరు ప్రాంతము అభ్రకమునకు పేరొందినది. సైదాపురము పరిసరముల గనులలో దొరకిన అభ్రకమును చేతితో పొరలుగా విడదీసి ఏర్పరచుట అచ్చట ఎందరికో జీవనాధారమైనది. మంచి రేకు కొంగున దాగునంత చిన్నది. అట్టి పనిచోట ద్వారమువద్ద సోదా జరిగినచో కూలి దానిని కన్నులార చూచును. అవమానమని తోచినచో అప్పుడే నోరు విప్పును. నేటి నిఘాకు ఈ గుణము లేదు. గోడమూలనున్న కెమెరా, కంప్యూటరులోని కానరాని ప్రోగ్రాము ఎప్పుడు చూచునో, ఎవరికి చూపునో పనివానికి తెలియదు. తెలియని అభియోగమునకు బదులు చెప్పుట ఎట్లు?

శుద్ధముగా కాయకము చేయువానికి భయమేల, లింగము సర్వసాక్షి గదా అని కొందరందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నున్నను నిలువదు. ఇష్టలింగమును భక్తుడు దీక్షతో, తెలిసి, తన దేహముపై ధరించును. ఆ సాక్ష్యము అతడు స్వీకరించినది. పైగా లింగము పొరబడదు, మనుష్యుడు పొరబడును. క్షణకాలము కూర్చున్న కూలిని కెమెరా సోమరిగా చూపగలదు. అతని మోకాటి నొప్పిని చూపలేదు. దైవదృష్టిని యజమాని తనకు ఆరోపించుకొనుట భక్తి కాదు, అహంకారము.

బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరునిపై, రాజధనమును జంగములకు పంచిపెట్టెనని కొండెములు చెప్పిన గాథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. రాజు నిలదీయగా బసవన్న ధనమును లెక్కపెట్టించి చూపెను. తనిఖీకి ఆయన వెనుదీయలేదు. అభియోగమేదో ఆయనకు తెలిసినది, బదులు చెప్పుటకు తావు దొరకినది.

రుమేనియాలో ఒక ఇంజనీరు కార్యాలయపు కంప్యూటరులో వ్రాసిన సొంత సందేశములను సంస్థ చదివి, 2007లో అతనిని తొలగించినది. యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానము 2017 సెప్టెంబరు 5న అతని పక్షమున తీర్పు చెప్పుచు, నిఘాను, దాని విస్తృతిని ముందుగా తెలిపిరా అనునది ముఖ్యమన్నది. అదే న్యాయస్థానము 2019లో స్పెయిన్‌లోని ఒక సూపర్‌మార్కెట్ వ్యాజ్యమున దాపు కెమెరాలను సమర్థించినది. దొంగతనమును గూర్చి బలమైన అనుమానముండుట, నిఘా పది దినములకే పరిమితమగుట అందుకు కారణములు. చాటుచూపునకు తగిన హేతువు, హద్దు రెండును ఉండవలెనని దీని భావము.

మన సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిరి. అయినను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఉద్యోగ ప్రయోజనములకు, యజమానిని నష్టమునుండి కాపాడుటకు సమ్మతి లేకయే సమాచారమును వాడుకొన వీలు కల్పించినది. చట్టము వదలిన చోటును మనస్సాక్షి పూరింపవలెను.

తెలుపుట యనగా గోడపై ఒక బోర్డు తగిలించుట కాదు. ఉపాధి హామీ పనులలో 2023 జనవరి 1 నుండి కూలీల ఫోటోలను యాప్‌లో నమోదుచేయుట తప్పనిసరి చేయబడినది. ఫోటో తీయుట కూలికి కనబడును. అది ఎవరి చేతికి పోవును, ఎంతకాలముండును, పొరపాటైన ఎవరితో మొరపెట్టుకొనవలెను అనునవి చెప్పినగాని తెలియవు. ఇవన్నియు పనివాని భాషలో చెప్పిననాడే తెలిపినట్లగును.

మన కుటుంబముల దుకాణములలో, మఠముల పాఠశాలలలో, వసతిగృహములలో కెమెరా పెట్టదలచినవారు ముందుగా పనివారిని కూర్చుండబెట్టి మాటాడవలెను. కాయకము చేయు చేతులను కైలాసమార్గముగా భావించు సమాజమునకు ఆ పాటి గౌరవము చూపుట భారము కారాదు.