పిలుపు – భారము

ఉదయపురమున పెండ్లి చేయుట నేడు మనవారిలోను వేడుకయగుచున్నది. 1559లో మహారాణా ఉదయసింహుడు నెలకొల్పిన నగరమది. పిచోలా సరస్సు నడుమనున్న జగమందిరమునకు పడవపైననే పోవలెను. 1620లలో తండ్రిపై తిరుగబడిన ఖుర్రమునకు, అనగా తరువాతి షాజహానునకు, మేవాడు రాణా అచ్చట ఆశ్రయమొసగెను. అతిథి తెచ్చిన అపాయమును ఆతిథ్యమిచ్చినవాడే తలకెత్తుకొనెను.

నేడు వరుస తారుమారైనది. శుభలేఖ అందరికిని పోవును. రైలు ఖర్చు, బస ఖర్చు, పోయిన మూడుదినముల కూలి ఎవరు భరింపవలెను? మోకాళ్ళ నొప్పులని మేనత్త కబురంపినచో అది నొప్పియేనా? రాలేరని తెలిసి పిలుచుట మర్యాదయేనా?

సరస్సు చూపవలెనను ముచ్చట తప్పుగాదు. అయితే ఎవరికి టిక్కెట్టు మనమే కొనవలెనో, ఏ వృద్ధురాలిని పడవ యెక్కించుటకు ఎవరు తోడో ముందు వ్రాసికొని, పిదప బయానా ఇయ్యవలెను. ఆ లెక్క కుదరనిచో ఊరి కల్యాణమండపము ఉండనే యున్నది.