యుక్తియు కుయుక్తియు
ధ్యానభాగములు: 2 తిమోతి 2:5, మార్కు 2:1-12, 7:9-13



పందెమందు పోరాడువాడు నియమము తప్పినయెడల కిరీటము పొందడని పౌలు తిమోతికి వ్రాసెను. ఈ మాటను గ్రహించుటకు తుపాకి పందెములను చూతము.

మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సునందు కంచు పతకము పొందెను. ఆ పందెములో ఒకేచోట నిలిచి 10 మీటర్ల దూరమందలి గురిని కొట్టవలెను. ప్రాక్టికల్ షూటింగ్ అను పందెము వేరు. దాని అంతర్జాతీయ సంఘము 1976లో అమెరికాలోని కొలంబియా పట్టణమందు స్థాపింపబడెను. ఇందులో పోటీదారుడు తడకల నడుమ కదలుచు అనేకమైన గురులను కొట్టును. వచ్చిన మార్కులను పట్టిన కాలముచేత భాగించి లెక్క కట్టుదురు.

ఏ గురిని ముందు కొట్టవలెను, ఎచ్చట నిలువవలెను అను సంగతి చాలమట్టుకు వానికే విడువబడును. ముందుగా స్థలమంతయు నడచి చూచి, ఇతరులు గమనింపని సందును ఒకడు కనుగొనినయెడల అది వాని తెలివియే. అయితే గీత దాటి కాలు మోపి కొట్టినయెడల 10 మార్కులు తీసివేయుదురు. తుపాకి మొనను అపాయకరముగా త్రిప్పినవానిని వెంటనే తొలగింతురు. నియమములోని లొసుగును పట్టుకొని పందెము ఉద్దేశమునే తప్పించుకొనజూచినయెడల, అట్టి పనిని అందరికిని నిషేధించుటకు అధికారికి హక్కు కలదు.

యుక్తికిని కుయుక్తికిని భేదమేమి? పక్షవాయువుగలవానిని మోసిన నలుగురు ద్వారమున చోటు లేనందున ఇంటి కప్పు విప్పి వానిని దింపిరి. అది ఎవరును నడువని త్రోవ. అయినను అందరి కన్నులయెదుట చేసిరి. విప్పిన కప్పును మరల వేయవచ్చును. ప్రభువు వారి విశ్వాసమును చూచెను. కొర్బాను అని చెప్పి తలిదండ్రులకు చెందవలసిన సహాయమును ఎగవేసినవారైతే పైకి ఆచారమును తప్పలేదు. ప్రభువు వారినే గద్దించెను, ఏలయనగా వారి తెలివివలన ముసలివారు పస్తుండవలసి వచ్చెను.

ఇప్పుడు మన పాలకుర్తి కల్లములకు వత్తము. ఐకేపీ కేంద్రములో వడ్ల తేమ 17 శాతమునకు మించరాదు. మబ్బు చూచి టార్పాలిను కప్పువాడును, మాటిమాటికి వడ్లు తిరుగవేయువాడును, పొరుగువానితో వంతులు వేసికొని కల్లము వాడుకొనువాడును యుక్తిపరులు. తడి వడ్లమీద ఎండు వడ్లు పోసి బస్తా కుట్టువాడు, మీటరు చూపినది నిజమే గదా, నేను అబద్ధమాడలేదు అని తన్ను తాను సమాధానపరచుకొనును. కాని మిల్లులో ఆ బస్తా విప్పిననాడు ఊరి వడ్లన్నిటిమీదను అనుమానము పడును. నిజముగా ఎండబెట్టిన విధవరాలి బస్తాకును తరుగు తీయుదురు.

తూకములో మనలను మోసగించుచున్నారు గదా అని కొందరందురు. అట్లు జరిగినయెడల పదిమంది కూడి అధికారులయెదుట నిలదీయుడి. ఒకని మోసమునకు మరియొకని మోసము తూకపురాయి కాజాలదు.

కాబట్టి ప్రియులారా, క్రొత్త ఉపాయము తోచినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుడి. దీనిని సంఘము యెదుట చెప్పగలనా? దీనివలన ఎవరి పాలు తగ్గును? మొదటిదానికి నోరు తెరువలేకపోయినను, రెండవదానికి పొరుగువాని ముఖము జ్ఞాపకము వచ్చినను ఆ బస్తా కుట్టకుడి. ప్రభువు మన చేతులకు నేర్పును, మన హృదయములకు యథార్థతను అనుగ్రహించును గాక. ఆమేన్.